చివరింటి బిందె

"లేదప్పా, ఆ మాట కొట్టెయ్. కొళాయికి బీగమేసింది నేను కాదు, మా అత్త. ఊరంతా నా పేరే చెప్తాంటారు. నాకంత ధైర్యం యాడిది?"

ఆమె సంగతి రాసుకుందామని వచ్చిన నాతో ఈ మాట అంటూ సుశీలమ్మ చేటలోని కందిబేడల్లో రాళ్లు ఏరుతూనే ఉంది. ఆదోనిలో కొండ పక్క నుంచి పెద్దరోడ్డు దాకా దిగే వీధి అది. వీధికి సరిగ్గా నడుమ ఆమె ఇల్లు. వాకిలి పక్కన గోడకు కొళాయి, కొళాయి పిడికి చుట్టిన గొలుసు, గొలుసుకు పాత ట్రంకుపెట్టె బీగం. ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు మొదట బీగాన్ని చూస్తారు, ఆ తర్వాత కౌన్సిలరమ్మను చూస్తారు. బీగం గోడకుంది గానీ దాని చెవి ఆ ఇంట్లో లేదు. ఎందుకు లేదో చెప్తే అంతా చెప్పినట్టే అని ఆమె నవ్వి, మొదటి నుంచి ఎత్తుకుంది. మొదలు అంటే ఆమెకు ఎప్పుడూ ఎమ్మిగనూరే.

నాయన భీమసేనరావు ఎమ్మిగనూరులో చిన్నబడి అయ్యవారు. ఆయనకొక పద్ధతి ఉండేది. హాజరు చివరి నంబరు నుంచి పిలిచేవాడు. పలకలు, పుస్తకాలు వెనక వరుస నుంచి దిద్దుకుంటూ వచ్చేవాడు. గంట కొట్టేలోపల ముందు కూర్చున్నోళ్లు ఎట్లోకట్ల కంట పడతారు, వెనకున్నోళ్లే మిగిలిపోతారు అని ఆయన లెక్క. సుశీల ఆయన తరగతిలోనే, ముందు వరుసలో కూర్చునేది. ఆమె పుస్తకం దాకా వచ్చేసరికి గంట కొట్టేవాళ్లు. ఏడ్చుకుంటూ పోతే, నీది ఇంట్లో దిద్దుతాలే అనేవాడు. ఇంటికి పోయి మర్చిపోయేవాడు. ఆ కోపం ఆమెకు ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఆ పద్ధతి కూడా మిగిలింది.

పెండ్లయి ఆదోనికి వచ్చింది. భర్త వెంకోబరావు పత్తి దలాలి అంగట్లో తూకం దగ్గర ఉంటాడు. పెద్దకడుబూరు నుంచి, చిప్పగిరి నుంచి వచ్చే రైతులందరికీ ఆయన తెలుసు, ఆయనకు వాళ్ల పత్తి తెలుసు, ఇంకేమీ తెలియదు. అత్త రమాబాయి. ఆ ఇంట్లో మాటలు కన్నడంలో నడుస్తాయి, కోపాలు తెలుగులో వస్తాయి. రమాబాయికి ఇప్పుడు ఎనభై దాటినాయి. మడి కట్టుకున్నాక ఎవరినీ తాకదు, సొంత కోడలినైనా సరే. నీళ్లు ఇడిచే దినం తెల్లారుతూనే స్నానం చేసి, తడిచీరతో కొళాయి దగ్గరికి వచ్చి, మొదటి బిందె తన చేత్తో పట్టుకుని లోపలికి పోతుంది. దేవుడికైనా వంటకైనా ఆ నీళ్లే. అది పడితేగానీ ఇంట్లో ఇంకొకరు కొళాయి ముట్టకూడదు. ఆ ఇంటి కట్టుబాటు అది. నలభై ఏండ్లుగా ఒక్క తూరి కూడా తప్పలేదు.

వార్డు ఆడవాళ్లకు రిజర్వయిన సంవత్సరం వీధి పెద్దలు నలుగురు వెంకోబరావు దగ్గరికి వచ్చినారు. మీ ఇంట్లో ఆమెను నిలబెట్టు సామీ, పనులు నువ్వు చూసుకుందువు అన్నారు. తూకం తప్ప నాకేం తెలుసప్పా, నిలబడేది ఆమె అయితే అడగాల్సింది ఆమెనే గదా అన్నాడాయన. సుశీలమ్మ నిలబడింది, గెలిచింది. గెలిచినాక కూడా చాన్నాళ్లు వాకిట్లోకి వచ్చినోళ్లు సార్ లేరా అనే అడిగేవాళ్లు. లోపల్నుంచి రమాబాయి జవాబు చెప్పేది. సార్‌తో పనుంటే పత్తి అంగడికి పోండి, కాలువ సంగతయితే ఈమెతో చెప్పండి అని. రెండు మూడు నెలలకు అందరికీ ఆ మాట వంటబట్టింది.

కౌన్సిలర్ అంటే ఏం చెయ్యాల్నో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. సుశీలమ్మకు తెలిసింది వెనక వరుస ఒక్కటే. మొదటి వారంలోనే పారిశుద్ధ్యం మేస్త్రిని పిలిచి, రేపట్నుంచి చీపుర్లు సందు చివర్న మొదలుపెట్టి రోడ్డుకు రావాలంది. ఆయన తల గోక్కున్నాడు. ఇన్నేండ్లూ రోడ్డు నుంచి లోపలికి ఊడ్చుకుంటూ పోయేది, ఎండెక్కేసరికి సందు సగంలో ఆగిపోయేది. తిరగేస్తే రోడ్డు మీద చెత్త మిగిలిపోతుంది మేడమ్, పెద్ద సార్లు కార్లో పోతా చూస్తారు అన్నాడు. చూడనీ అంది సుశీలమ్మ. సందు చివర చెత్త మిగిలితే ఎవురూ చూడరు, రోడ్డు మీద మిగిలితే అందరూ చూస్తారు, చూస్తే నువ్వే వచ్చి ఎత్తుతావు. అట్లే అయింది. రోడ్డు మీద చెత్త ఒక్క వారం కూడా మిగల్లేదు, సందు కొసలూ బాగుపడినాయి. వీధిదీపాలు కూడా అంతే. సాయంత్రం ఆమె నడక చివరి స్తంభం నుంచి మొదలయ్యేది.

మిగిలింది నీళ్లు. ఆ వీధికి నీళ్లు వంతు ప్రకారం వస్తాయి, రోజూ రావు. వచ్చిన దినం గంటా గంటన్నర. వాల్వు తిప్పి నీళ్లు ఇడిచే పని వీరేష్‌ది. భుజాన పొడుగాటి ఇనుప కడ్డీ పెట్టుకుని మోటార్‌సైకిల్ మీద పోతుంటే, వీధిలో ఆడవాళ్లు వాన మబ్బును చూసినట్టు చూస్తారు. కొండ పక్కన చిట్టచివరి ఇల్లు లక్ష్మన్నది. హమాలీ పని చేసి చేసి మోకాళ్లు పోయిన మనిషి, నోరు మాత్రం ఇంకా బస్తాలు మోస్తుంది. వీధి మొత్తం పట్టుకున్నాక ఆయన కొళాయికి మిగిలేది గాలి. చివరింటి లక్ష్మన్న అన్నదే ఆయన పేరు.

ఒక ఎండాకాలం బడి వరండాలో వార్డువాళ్లు కూర్చున్నారు. లక్ష్మన్న కట్టె ఊతంగా లేచి నిలబడ్డాడు.

"సుశీలమ్మా, ఓటడిగేకి మొదట మా ఇంటికే వస్తివి. వెనకనుంచి రావడం నీ పద్ధతంట గదా. మరి నీళ్లకు ఆ పద్ధతి యాడికి పాయ?"

అందరూ నవ్వినారు. సుశీలమ్మకు చెవులు వేడెక్కినాయి. ముందూ వెనకా చూడకుండా అనేసింది.

"లక్ష్మన్నా, నీ ఇంట్లో బిందె నిండేదాక మా ఇంట్లో కొళాయి తిప్పం. ఇది నా మాట."

అన్న మరు నిమిషంలో ఆమెకు తడిచీర గుర్తుకొచ్చింది. మొదటి బిందె అత్తది. ఆ బిందె మీద మాటిచ్చేకి తనెవరు? ఇంటికి పోయే దోవలో ఆమె రెండు చోట్ల ఊరికే నిలబడింది. కానీ ఆమె కంటే ముందు ఆ మాటే ఇల్లు చేరింది. రమాబాయి అరుగు మీదనుంచి లేచింది. అటక మీద ట్రంకుపెట్టె దించమని కొడుకుతో చెప్పింది, దాని బీగం తీసింది, గొలుసు వెతికింది, తానే పోయి కొళాయికి బిగించి చెవి నడుముకు చెక్కుకుంది. కోడలు వాకిట్లో బొమ్మలాగ నిలబడి చూస్తాంటే అప్పుడు నోరు విప్పింది.

"మాట ఇచ్చేది నువ్వు, మర్చిపోయి కొళాయి తిప్పేది నేను. ముసలిదాన్ని, చేతికి అలవాటు. ఇంట్లో మాట పోగూడదు."

చివరింట్లో నిండేదాక వాల్వు మూయొద్దని వీరేష్‌తో కూడా గట్టిగా చెప్పింది సుశీలమ్మ. తర్వాతి వంతుల్లో ఒకటి రెండు సార్లు ఆలస్యమయింది. రమాబాయి తడిచీరతో అరుగు మీద కూర్చుంది, చీర ఆరిపోతే మళ్లీ తడుపుకుంది. మూడో నెల నుంచి చిత్రం జరిగింది. నీళ్లు ఇడిచిన పావుగంటకే పైనుంచి లక్ష్మన్న కేక, నిండిందమ్మా అని. ఆ కేక వినబడితే ఇక్కడ బీగం తెరుచుకునేది. ఇది చూసి వీధివాళ్లకు కూడా సిగ్గో గర్వమో పుట్టింది. కౌన్సిలరమ్మ ఇంట్లోనే ఆగుతాండారు, మనమెందుకు తొందరపడల్ల అనుకున్నారు. లక్ష్మన్న కేక పెట్టేదాక ఎవరూ కొళాయి తిప్పేవాళ్లు కాదు, కేక పెట్టగానే ముప్పై ఇళ్లూ ఒక్కసారి తిప్పేవాళ్లు. పక్క వార్డువాళ్లు వచ్చి ఆ బీగాన్ని ఫోటోలు తీసుకుని పోయినారు. ఒక సంవత్సరం పాటు సుశీలమ్మ ఆ వీధిలో కొంచెం ఎత్తుగా నడిచింది. ఆ మాట ఆమే చెప్పింది, దాచుకోలేదు.

ఆ గొప్ప ఎమ్మిగనూరు దాకా పోయింది. ఆ ఊర్లో కొందరు ఆడ కౌన్సిలర్లు ఒక మీటింగు పెట్టుకుని, అక్కా నువ్వొచ్చి మీ వీధి సంగతి చెప్పు అన్నారు. మీటింగు ఎక్కడో కాదు, నాయన పాఠం చెప్పిన బడిలోనే. సుశీలమ్మ దానికని కొత్త రవిక కుట్టించుకుంది. కుట్టేది జయశ్రీ. పెద్దకడుబూరు నుంచి వచ్చి ఏడాదైంది, పెద్దరోడ్డు వైపు మొదటింట్లో బాడుగకు ఉంటుంది. భర్త పత్తి మిల్లులో పని చేస్తాడు. మాట తక్కువ మనిషి, మిషను శబ్దమే ఎక్కువ.

మీటింగుకు ముందుదినం నీళ్ల వంతు. పొద్దున ఏడు గంటలకు సుశీలమ్మ రవిక తెచ్చుకునేకి పోయింది. జయశ్రీ మిషను దగ్గర లేదు. కొళాయి ముందర గొంతుక్కూర్చుని, పట్టకారుతో దాన్ని ఊడదీసి, ఇంకొక కొత్త కొళాయి బిగిస్తాంది. పక్కన బిందెలో అడుగున నాలుగు వేళ్ల నీళ్లు.

ఏమైందమ్మా అని అడిగింది సుశీలమ్మ. కొళాయి బాగలేదక్కా, ఇది మూడోది అంది జయశ్రీ. ఎన్ని మార్చినా సన్నగానే వస్తాది, ఇంత వచ్చి ఆగిపోతాది. బోరింగు దగ్గరికి పోయి తెచ్చుకుంటాండాను. మరి నాతో ఎందుకు చెప్పలేదంటే ఆమె తల వంచుకుంది.

"పక్కింట్లో చెప్తే నవ్వినారక్కా. చివరింట్లో లక్ష్మన్నకే నిండుతాంటే మొదటింట్లో నీకు రాదా అన్నారు. నా కొళాయిదే తప్పనుకున్నా."

ఆ మాట సగంలో ఉండగానే కొత్త కొళాయిలోంచి మళ్లీ దారం లావున నీళ్లు మొదలైనాయి. సుశీలమ్మ దాన్నే చూస్తా నిలబడింది. అప్పుడు కొండ పక్కనుంచి లక్ష్మన్న కేక వినబడింది, నిండిందమ్మా అని. వీధిలో ఒక్కో ఇంటి ముందర బిందెలు చప్పుడైనాయి. జయశ్రీ కొళాయి రెండు సార్లు దగ్గింది. గుర్రుమని గాలి పట్టింది. ఆగిపోయింది.

సుశీలమ్మ రవిక సంగతి మర్చిపోయి వీధికి ఎదురెక్కింది. వీరేష్ కొండ పక్కన వాల్వు దగ్గరే ఉన్నాడు. వీధికి నీళ్లు ఏ పక్కనుంచి వస్తాండాయి అని అడిగింది. వాడు విచిత్రంగా చూశాడు. పైనుంచే గదా మేడమ్, కొత్త ట్యాంకు కట్టి జాయింటు ఏసినప్పట్నుంచి పైనుంచే, రోడ్డు దగ్గర పాత వాల్వు మూసేసినాం అన్నాడు. ఎప్పుడని అడిగితే, మీరు మాటిచ్చిన మూడో నెలలో అన్నాడు. ఆ దినం ఆమె ఎమ్మిగనూరులో పెండ్లికి పోయింది. కొత్త ట్యాంకు నీళ్లు కలిపినారని తెలుసు. ఏ కొసన కలిపినారని ఆమె అడగలేదు. అడగాలని తోచనే లేదు.

"నాకెందుకు చెప్పలేదు వీరేషూ?"

"మీకు తెలుసనుకుంటి మేడమ్. మీ మాట వల్లనే నిండుతాందని అందరూ అంటాంటే, మధ్యలో నేను జాయింటు సంగతి ఎత్తితే బాగుంటాదా?"

వీధి అదే, ఇళ్లు అవే, నీళ్లు మాత్రం దిక్కు మార్చుకున్నాయి. లక్ష్మన్న మొదటోడయినాడు, జయశ్రీ చివరిదయింది. ఏడాదిగా తాను కాపలా కాసింది మొదటి బిందెకు. అది చాలక, ఆ కేకకు ముప్పై ఇళ్లూ ఒక్కసారి తిప్పుతాంటే అసలు చివరింటికి ఉండే ఆ దారం కూడా తెగిపోతాంది. తన మాట నిలబెట్టుకున్న ప్రతి తూరీ ఆ పిల్ల బోరింగుకు నడిచింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సుశీలమ్మ చేటలో వేళ్లు ఆగిపోతాయి.

వీధికి చెప్పుకోవడం పెద్ద కష్టం అనిపించలేదు. అత్తకు చెప్పడమే కష్టం. ఏడాది పాటు తడిచీరతో అరుగు మీద కూర్చున్న మనిషి. పోయి స్తంభానికి ఆనుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది. రమాబాయి అప్పుడే మడినీళ్లు లోపల పెట్టి వచ్చింది. అంతా విని కొళాయి వైపు తిరిగింది. నిండిన బిందె లోపల ఉంది, ఆ బిందె సంగతే ఆలోచిస్తాందని కోడలికి తెలుసు. తర్వాత కన్నడంలోనే అంది, అంటే కోపం లేదన్నమాట. మాట తప్పలేదు సుశీలా, ఇల్లు తప్పింది, ఇల్లు మార్చు అని.

అని ఊరుకోలేదు. జయశ్రీని పిలిపించమంది. ఆ పిల్ల ఏం తప్పు చేసినానో అని భయపడుతూ వాకిట్లో నిలబడితే, రమాబాయి నడుములోంచి బీగం చెవి తీసి ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. మడిలో ఉండగా ఆమె ఇంకొకరి చెయ్యి పట్టుకోవడం సుశీలమ్మ కాపురానికి వచ్చినప్పట్నుంచి చూడలేదు. నీ బిందె నిండినాక దీన్ని పంపించు, అంతదాక ఈడ కొళాయి తెరవం, మళ్లీ బీగమేసినాక చెవి నీ దగ్గరికే వస్తాది అని చెప్పి, లోపలికి పోయి మళ్లీ స్నానం చేసింది.

ఆ సాయంత్రమే సుశీలమ్మ బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి, నేను పొరపాటు పడినానని చెప్పింది. ఎవరూ పెద్దగా తప్పు పట్టలేదు. బాధపడింది లక్ష్మన్న ఒక్కడే. ఇన్నేండ్లూ చివరింటోన్నని చెప్పుకుంటి, ఇప్పుడు మొదటింటోన్నంటే ఎట్లమ్మా, నా మాటకు విలువేముంటాది అని కట్టె నేలకేసి కొట్టినాడు. జయశ్రీ పక్కింటామె, నువ్వింక కేక పెట్టేది లేదు, ఆ గొంతుతో తరకారి అమ్ముకో అంటే వరండా అంతా నవ్వింది. చివరికి ఆయనకు ఒక పని దొరికింది. నీళ్లు ఇడిచిన తర్వాత రోడ్డు వైపునుంచి కబురు వచ్చేదాక పైనున్న పదిళ్లవాళ్లు కొళాయి తిప్పకుండా చూడాలి. ఆ పని ఆయన పోలీసు మాదిరి చేస్తాడు. తన కొళాయినే ఎక్కువ అనుమానంగా చూసుకుంటాడు.

మరుసటిదినం ఎమ్మిగనూరు మీటింగులో సుశీలమ్మ బీగం గొప్ప చెప్పలేదు. వెనక వరుస నుంచి మొదలుపెట్టమని మా నాయన ఈ గదిలోనే నేర్పినాడు, వెనక వరుస యాడుందో మొదట చూసుకోవాలని నేను నిన్న నేర్చుకుంటి అని, జరిగింది జరిగినట్టు చెప్పింది. ముందు వరుసలో కూర్చున్నోళ్లు చప్పట్లు కొట్టాల్నా వద్దా అని చూసినారు. వెనక ఎవరో కొట్టినారు. వారం తిరక్కుండా ఒక కౌన్సిలరమ్మ ఫోను చేసింది, అక్కా, మా వార్డులో కూడా ఒక వీధి తిరగబడి ఉంది, నువ్వు చెప్పకుంటే మేము చూసుకునేటోళ్లం కాదు అని. ఆ ఫోను సంగతి చెప్పేటప్పుడు సుశీలమ్మ గొంతులో మళ్లీ ఆ పాత ఎత్తు కొంచెం వచ్చింది. అది ఆమెకు అందంగానే ఉంది.

ఇప్పుడు ఆ వార్డులో ప్రతి వీధి మొదట్లో గోడ మీద నీలం రంగు బాణం గుర్తు ఉంటుంది. నీళ్లు ఏ దిక్కునుంచి వచ్చి ఏ దిక్కుకు పోతాయో అది చూపిస్తుంది. పైపు కలిపినా మార్చినా వీరేష్ మొదట బాణం దిద్ది, తర్వాతే వాల్వు తిప్పాలి. పైవాల్వు మొదట నాలుగు చుట్లు మాత్రమే తిప్పి, కింద నిండినాక మిగతాది తిప్పుతాడు. కొత్తగా ఏ పని వచ్చినా సుశీలమ్మ మొదట అడిగేది ఒకటే, దీని కొస యాడుంది అని. కాలువకైతే కొస ఒక చోట, దీపాల తీగకైతే ఇంకొక చోట. ఆఫీసులో ఇంజినీరు ఆమెను చూడగానే, కొస చూసే వచ్చినానమ్మా అని తానే ముందు చెప్పేస్తాడంట.

ఏరిన బేడలు గిన్నెలోకి పోసి ఆమె లేచింది. అరుగు మీద రమాబాయి తడిచీరతో, ఖాళీ బిందెతో ఎప్పుడు వచ్చి కూర్చుందో, వీధి కిందికే చూస్తాంది. ఈ పొద్దు నీళ్ల దినమని నాకప్పుడు తెలిసింది. నేను సంచి భుజానికి తగిలించుకున్నాను. సుశీలమ్మ వాకిటి దాకా వచ్చింది.

"బస్టాండుకు ఈ దోవనే గదా అప్పా పోయేది. రోడ్డు దగ్గర మిషను చప్పుడు వినబడే ఇల్లుంటాది చూడు, అదే జయశ్రీది. ఒక్క నిమిషం నిలబడి ఆ బిందె నీ కండ్లతో చూడు. నిండింటే బీగం చెవి పంపించమని చెప్పు. నిండకుంటే ఆడనుంచే నాకు ఫోన్ చెయ్యి, చెయ్యకుండా మాత్రం బస్సెక్కొద్దు."